వెనక చక్రం డైరీ: పంచరుతో మొదలై రిమ్ము మార్చేదాకా

మొదట ఈ సైకిలు వెనక చక్రం వివరాలు. 36 స్పోకులు, ఒంటి గోడ అల్యూమినియం రిమ్ము, రిమ్మును పట్టే బ్రేకులు, 37-622 టైరు (అంకెల అర్థం దశ 4లో), వుడ్స్ వాల్వు (లోపలి రబ్బరు గొట్టం గాలిని ఆపే రకం) ట్యూబు, మర మీద ఎక్కే 6 వరసల ఫ్రీవీలు. సమస్య: మూడు వారాల్లో మూడు పంచర్లు, బ్రేకు పట్టినప్పుడల్లా చక్రం ఒక పక్కకు కొట్టుకోవడం. ట్యూబు మీద అప్పటికే నాలుగు పాత ప్యాచులు ఉన్నాయి.

పనిముట్లు: ప్లాస్టిక్ టైరు లీవర్లు 3, గేజి ఉన్న పంపు, 15 నంబరు పానా, పల్చటి కోను పానాలు, స్పోకు కీ, ఫ్రీవీలు తీసే టూలు, బల్లకు బిగించిన వైసు, ఉక్కు స్కేలు, టేపు, ఉప్పుకాగితం, సన్న ఆకురాయి, మార్కరు, నైలాన్ టైలు, దూది, బకెట్ నీళ్ళు.

దశ 1: చిల్లు ఎక్కడుందో రాసుకోవడం

టైరు ఊడదీయకముందే వాల్వుకి ఎదురుగా టైరు మీద, రిమ్ము మీద మార్కరుతో గీత పెట్టాలి. ట్యూబు ఏ వైపు తిరిగి ఉందో తెలిసేలా కుడి పక్కన "కు" అని రాసుకోవాలి. ఈ రెండు గుర్తులు లేకపోతే చిల్లు దొరికినా కారణం దొరకదు.

1. ట్యూబు బయటికి తీసి, కాస్త ఉబ్బేదాకా గాలి కొట్టాలి.
2. నీళ్ళలో జానెడు జానెడు ముంచుతూ, కొంచెం సాగదీసి చూడాలి. సన్న చిల్లు సాగదీస్తే గానీ బుడగ వదలదు.
3. చిల్లు చుట్టూ బాల్‌పెన్‌తో పెద్ద గుండ్రం గీయాలి. చిన్న గుండ్రం గీస్తే ఉప్పుకాగితం పెట్టగానే చెరిగిపోతుంది.
4. వాల్వు నుంచి ఎంత దూరమో కొలవాలి.

నాలుగో మెట్టులోనే మొదటి పొరపాటు. ఉబ్బిన ట్యూబు పక్కన టేపు పెట్టి కొలిస్తే వచ్చిన దూరాలు రిమ్ము మీద దేనికీ సరిపోలేదు. గాలి పోసిన కొద్దీ ట్యూబు పొడుగు సాగుతుంది. గాలి తీసేసి, టైరు లేని రిమ్ములో ట్యూబును వాల్వుతో సహా కూర్చోబెట్టి మళ్ళీ కొలిచాం. అప్పుడు తేలినవి:

అ) 29 సెం.మీ. దగ్గర, రిమ్ము వైపు, గుండుసూది తలంత.
ఆ) 55.5 సెం.మీ. దగ్గర, రిమ్ము వైపు, అంచులు నలిగిన చిన్న చీలిక.
ఇ) 131 సెం.మీ. దగ్గర, రోడ్డు వైపు, సూదిమొన చిల్లు.

ఈ రిమ్ము లోపలి వైపు నిపుల్ (స్పోకు కొసను రిమ్ముకి పట్టి ఉంచే చిన్న నట్టు) నుంచి నిపుల్‌కి 53 మి.మీ. వాల్వు బెజ్జం రెండు నిపుళ్ళకు నడుమ ఉంటుంది కాబట్టి మొదటి నిపుల్ 26.5 మి.మీ. దూరంలో, ఆ తర్వాతివి 53 చొప్పున వస్తాయి. లెక్క వేస్తే (అ) సరిగ్గా 6వ నిపుల్, (ఆ) 11వ నిపుల్. అంటే ఈ రెండింటికీ ముళ్ళతో సంబంధం లేదు. చిల్లు ఏ వైపుందో చూస్తేనే సగం తెలిసిపోతుంది: రోడ్డు వైపు చిల్లుకు ముల్లో, తీగో, గాజో కారణం. రిమ్ము వైపు ఒంటి చిల్లుకు స్పోకు మొనో, నిపుళ్ళను కప్పే రిమ్ము టేపో కారణం. పక్కపక్కనే రెండు సమాంతర చీలికలుంటే గాలి తక్కువై ట్యూబు గుంటలో రిమ్ముకీ టైరుకీ నడుమ నలిగింది.

(ఇ) కోసం టైరు లోపలంతా చేత్తో తడిమితే ఏమీ తగల్లేదు. దూది ఉండతో తుడుచుకుంటూ పోతే 130 సెం.మీ. దాటగానే దూది పోగు పట్టుకుంది. జుట్టంత సన్నని ఉక్కు తీగ, 4 మి.మీ. పొడుగు, లోపలికి అర మి.మీ. మాత్రమే పొడుచుకొచ్చింది. వేలికి తెలియదు, బరువు పడ్డప్పుడు ట్యూబుకి తెలుస్తుంది. పట్టకారుతో బయటి నుంచి లాగేశాం. దూది వాడితే వేళ్ళు కూడా తెగవు.

ఇప్పటివరకు: 50 నిమిషాలు. దొరికిన కారణాలు 1, మిగిలినవి 2.

దశ 2: ప్యాచులు

మూడు చిల్లులకు మూడు ప్యాచులు వేశాం. మర్నాటి పొద్దుటికి రెండు కారాయి.

ఊడబెరికి చూస్తే కారణం కళ్ళముందే ఉంది. ప్యాచు అంచులు గట్టిగా పట్టాయి, నడుమ మాత్రం సొల్యూషన్ ఇంకా మెరుస్తూ, వేలికి తీగలా సాగుతోంది. ఆరకముందే అతికించడం వల్ల అడుగున చిక్కిన ద్రావకం బయటికి పోయే దారి లేక అలాగే ఉండిపోయింది. సొల్యూషన్‌ను జిగురులా తడిమీద అంటించే అలవాటే ఇంటి ప్యాచులు ఊడిపోవడానికి మొదటి కారణం. రెండోది, ట్యూబు మీద అచ్చు గీత ఎత్తుగా ఉన్నచోట దాన్ని చదును చేయకుండానే వేశాం. ఆ గీత పక్కనుంచే గాలి కాలువలా పారింది.

రెండోసారి చేసిన తీరు:

1. ప్యాచు కన్నా అర అంగుళం ఎక్కువ మేర ఉప్పుకాగితంతో రుద్దాలి. నిగనిగ పోయి బూడిద రంగు రావాలి. అచ్చు గీత ఉంటే అది పూర్తిగా అరిగేదాకా.
2. రాలిన పొడిని పొడి గుడ్డతో తుడవాలి. ఆ తర్వాత వేలు తగలకూడదు, చేతి జిడ్డు చాలు చెడగొట్టడానికి.
3. సొల్యూషన్ పల్చగా, ప్యాచు కన్నా వెడల్పుగా రాయాలి. లావుగా రాస్తే ఆరదు.
4. ఆగాలి. మెరుపు పోయి, వేలి వెనక భాగం తాకిస్తే అంటకుండా ఉండాలి. మాకు 6 నిమిషాలు పట్టింది. గాలిలో తేమ ఉంటే ఇంకా ఎక్కువ. ఊదకూడదు, నోటి ఆవిరి తడి చేస్తుంది.
5. ప్యాచు అడుగు కాగితం తీసి పెట్టి, నడుమ నుంచి అంచులకు లీవరు వెనక భాగంతో గట్టిగా నొక్కాలి.
6. పైనున్న పల్చటి ప్లాస్టిక్ కాగితం తియ్యకపోయినా నష్టం లేదు. తీయాలనుకుంటే నడుమ చీల్చి అంచులవైపు లాగాలి, అంచు నుంచి లాగితే ప్యాచూ లేస్తుంది.
7. చుట్టూ మిగిలిన బంక మీద టాల్కం పౌడరు చల్లాలి, లేకపోతే ట్యూబు టైరుకి అంటుకుపోతుంది.

బయట ఉన్న ట్యూబును బెలూన్‌లా ఉబ్బించి ప్యాచును పరీక్షించడం పొరపాటు. టైరు లోపల ట్యూబు అంతగా సాగదు. బయట సాగితే కొత్త ప్యాచు అంచులు లేస్తాయి.

ఈసారి మూడూ నిలిచాయి. కానీ ట్యూబు ఇంకా దిగుతూనే ఉంది. వాల్వు దగ్గర ముంచితే పది సెకన్లకొక బుడగ. ముందు వాల్వు లోపలి రబ్బరు గొట్టం తీసి చూశాం. గట్టిపడి కొసన పగిలింది, కొత్తది తొడిగాం. వుడ్స్ వాల్వులో గాలిని ఆపేది ఆ చిన్న గొట్టమే, ఎండిపోతే మార్చాలి. అయినా బుడగ ఆగలేదు. వాల్వు మొదలు ట్యూబుకి కలిసే చోట అర్ధచంద్రాకారంలో సన్న చీలిక. దానికి ప్యాచు నిలవదు. గాలి తక్కువున్న టైరు రిమ్ము మీద కొంచెం కొంచెంగా జరుగుతూ ట్యూబును లాగితే వాల్వు ఓరగా తిరిగి ఇక్కడే చిరుగుతుంది.

అంటే వాల్వు మొదలు ముందు చూసుకుని ఉంటే ఐదు ప్యాచుల పని మిగిలేది. వరస ఇలా ఉండాలి: వాల్వు, ఆ తర్వాతే చిల్లులు.

ఇప్పటివరకు: 2 గంటల 30 నిమిషాలు. వాడిన ప్యాచులు 5 (రెండు వృథా). అదనపు కష్టం అంతా ఒక చచ్చిన ట్యూబు మీద.

ట్యూబు మార్చాలి కాబట్టి రకమూ మార్చాం. వుడ్స్‌లో గేజి సరిగా చదవదు, లోపలి రబ్బరు అడ్డం. మోటారు బండ్లకుండే ష్రేడర్ వాల్వుకీ, వుడ్స్‌కీ రిమ్ము బెజ్జం ఒకటే, 8 మి.మీ. పైచిలుకు. సన్నగా ఉండే ప్రెస్టా రకం వాల్వుకి 6.5 మి.మీ. చాలు, దాన్ని ఈ బెజ్జంలో పెడితే మొదలు చుట్టూ ఖాళీ ఉండి ట్యూబు అందులోకి ఉబ్బుతుంది. కాబట్టి ష్రేడర్.

దశ 3: రిమ్ము టేపు

లోపలున్నది సన్న రబ్బరు పట్టీ, 12 మి.మీ. వెడల్పు. రిమ్ము లోపలి వెడల్పు 19 మి.మీ. 11వ నిపుల్ దగ్గర పట్టీ పక్కకు జరిగి నిపుల్ తల సగం బయటపడింది. (ఆ) చీలికకు కారణం ఇదే.

6వ నిపుల్ దగ్గర వేరే కథ. స్పోకు మొన నిపుల్ తల దాటి 1.5 మి.మీ. పైకొచ్చి పట్టీని పొడుస్తోంది. మిగతా 35లో ఒక్కటీ తల దాటలేదు. ఆ స్పోకునే ఎవరో బాగా బిగించారన్నమాట. ఎందుకు బిగించాల్సి వచ్చిందన్న ప్రశ్న అప్పుడే వేసుకోవాల్సింది. వేసుకోలేదు. ఆకురాయితో మొన అరగదీసి, పొడి తుడిచి ముందుకెళ్ళాం.

మొదటి ప్రయత్నం: కరెంటు పనికి వాడే ప్లాస్టిక్ టేపు మూడు చుట్లు. నాలుగో రోజుకి విప్పి చూస్తే ప్రతి నిపుల్ మీదా గుంటలు పడ్డాయి, బంక కారి టేపు ఓ పక్కకు జారింది. సాగే టేపు ఏదీ ఇక్కడ పనికిరాదు.

రెండో ప్రయత్నం: నేసిన గుడ్డ రిమ్ము టేపు, 17 మి.మీ. పాత బంకను స్పిరిట్‌తో తుడిచి, వాల్వు బెజ్జం పక్క నుంచి మొదలుపెట్టి, లాగి పట్టుకుంటూ అతికించాం. వెడల్పు విషయంలో జాగ్రత్త: మరీ సన్నమైతే జరుగుతుంది, మరీ వెడల్పైతే టైరు అంచు కూర్చునే గట్టు మీదికి ఎక్కి టైరును సరిగా కూర్చోనివ్వదు. వాల్వు దగ్గర కత్తెరతో కోస్తే పోగులు లేస్తాయి. వేడి చేసిన మేకు మొనతో గుచ్చితే అంచు కరిగి శుభ్రంగా వచ్చింది.

ఇప్పటివరకు: 3 గంటల 45 నిమిషాలు. టేపులు 2 (ఒకటి వృథా).

దశ 4: టైరు

పాత టైరు ఎడమ గోడ మీద 4 సెం.మీ. మేర రబ్బరు అరిగి లోపలి దారాలు కనిపిస్తున్నాయి. బ్రేకు రబ్బరు రాసుకున్న గుర్తు. చక్రం ఊగుతుంటే అది ఒక చోట టైరుని తాకుతోంది. దారాలు కనిపించిన టైరుని వాడకూడదు.

ఇక్కడ జరిగిన తప్పు చాలామంది చేసేదే. పాత టైరు మీద పెద్ద అక్షరాల్లో "28" అని ఉంది. 28 అంగుళాలని చెప్పి తెచ్చిన టైరు మీద 28×1½ అని ఉంది. రిమ్ము మీద పెడితే గాజు మణికట్టు చుట్టూ ఆడినట్టు ఆడింది. పక్కనే చిన్న అంకెల్లో ఉన్నది చూడాల్సింది: 40-635. మనకు కావాల్సింది 622. తేడా 13 మి.మీ. అడ్డంగా, చుట్టుకొలతలో 41 మి.మీ. గాలి కొడితే అంచు రిమ్ము దాటి బయటికొచ్చి ట్యూబు పేలుతుంది.

అంగుళాల పేర్లు నమ్మడానికి లేదు. ఐఎస్ఓ 5775 ప్రకారం టైరు గోడ మీద రాసే జంట అంకెలే నికరం. మొదటిది వెడల్పు, రెండోది అంచు కూర్చునే చోట వ్యాసం, రెండూ మిల్లీమీటర్లలో:

700సీ, 29 అంగుళాల ఎంటీబీ (కొండదారుల సైకిలు): 622
పాత పెద్ద సైకిళ్ళ 28×1½: 635
27.5: 584
26×1⅜: 590
26×1.95 లాంటి దశాంశాల 26: 559

చివరి రెండూ "26"లే, తేడా 31 మి.మీ. రెండో అంకె అచ్చంగా కలవాలి. మొదటి అంకె కొంచెం అటూ ఇటూ అయినా ఫరవాలేదు, ఫ్రేములో చోటుంటే.

37-622 టైరు వచ్చాక ఎక్కించిన క్రమం:

1. గోడ మీద బాణం గుర్తు చక్రం తిరిగే వైపు ఉండాలి. టైరు మీది కంపెనీ అచ్చు వాల్వుకి ఎదురుగా రావాలి. రేపు చిల్లు పడితే టైరులో దాని చోటు వెంటనే దొరుకుతుంది.
2. ఒక అంచు మొత్తం రిమ్ములో ఎక్కించాలి.
3. ట్యూబుకి గుండ్రం వచ్చేంత మాత్రమే గాలి పోసి, వాల్వు దగ్గర మొదలుపెట్టి లోపల సర్దాలి.
4. రెండో అంచు వాల్వుకి ఎదురు వైపు మొదలుపెట్టి, రెండు చేతులతో చెరోపక్క నుంచి వాల్వు దగ్గరికి రావాలి. వస్తూ వస్తూ ఎక్కేసిన అంచును రిమ్ము నడుమ పల్లంలోకి నొక్కాలి. చివర్లో కావాల్సిన వదులు అక్కణ్ణుంచే వస్తుంది.
5. చివరి జానెడు బొటనవేళ్ళతో కాదు, అరచేతి మడమతో తోయాలి.
6. వాల్వును ఒకసారి లోపలికి నెట్టి వదలాలి. అంచు కింద ఇరుక్కున్న ట్యూబు పైకి పోతుంది.

మొదటిసారి 4ను వాల్వు దగ్గర మొదలుపెట్టాం. అక్కడ వాల్వు అడ్డం ఉండటంతో అంచు పల్లంలోకి దిగలేదు, ఎదురు వైపు బిగుసుకుపోయింది. లీవరు పెట్టి ఎత్తాం. గాలి కొట్టిన రెండు నిమిషాలకే బుస్సుమంది. కొత్త ట్యూబు, రిమ్ము వైపు లీవరు మూతి వెడల్పున రెండు గాట్లు. టైరు తీయడానికే లీవరు, ఎక్కించడానికి కాదు. ఆ ట్యూబుకి ప్యాచు వేసి విడిగా దాచాం.

రెండో ట్యూబుతో చేత్తోనే ఎక్కింది. 20 పీఎస్ఐ దగ్గర ఆపి చక్రం తిప్పి చూడాలి. గోడ మీద రిమ్ముకి సమాంతరంగా ఉండే సన్న గీత అంతటా ఒకే ఎత్తులో ఉందా? మనకు ఒక చోట 3 మి.మీ. లోపలికి మునిగింది. గాలి తీసి అక్కడ సబ్బునీళ్ళు రాసి మళ్ళీ కొడితే టప్పున కూర్చుంది.

ఈ టైరు గోడ మీద 50 నుంచి 75 పీఎస్ఐ అని ఉంది. వెనక చక్రం మీద బరువు ఎక్కువ కాబట్టి వెనక 60, ముందు 50 పెట్టాం. ఏడు రోజులకు వెనక 56 చూపింది. గేజి తగిలించిన ప్రతిసారీ కొంత గాలి పోతుంది, ఆ నాలుగూ కారినవే అనుకోకూడదు.

ఇప్పటివరకు: 5 గంటల 15 నిమిషాలు. ట్యూబులు 2 (ఒకటి ప్యాచుతో అదనపుది). టైర్లు 2 (ఒకటి వాపసు).

దశ 5: బెండు తీయడం, తీసినా తిరిగి రావడం

ఫ్రేము వెనక గొట్టాలకు చెరోవైపు నైలాన్ టై కట్టి, కొస రిమ్ముకి తగిలీ తగలకుండా కత్తిరిస్తే అదే కొలబద్ద. ఖాళీలోకి స్కేలు పెట్టి చూస్తే పక్కకు ఊపు 4 మి.మీ., ఎత్తుపల్లం 1.5 మి.మీ.

స్పోకు కీ సైజు చూసుకోకుండా పెట్టడం మొదటి నష్టం. నిపుళ్ళ చదరం ఎక్కువగా 3.23, 3.30, 3.45 మి.మీ. ఉంటుంది. మన కీ ఒక సైజు పెద్దది, రెండు నిపుళ్ళ మూలలు గుండ్రమయ్యాయి. ముందు ఆ చదరాన్ని కొలిచి, బిగుతుగా పట్టే కీతోనే మొదలుపెట్టాలి. పాత నిపుళ్ళకు రాత్రే ఒక్కో చుక్క నూనె వేసి వదిలితే ఇంకా మంచిది.

తిప్పే దిశ తికమక పెడుతుంది: టైరు వైపు నుంచి చూస్తే సవ్య దిశలో తిప్పితే బిగుస్తుంది, హబ్బు (చక్రం నడుమ ఇరుసు ఉండే భాగం) వైపు నుంచి చూసేవాళ్ళకు అదే అపసవ్యంగా కనిపిస్తుంది. మామూలు 2 మి.మీ. స్పోకు మర అంగుళానికి 56 చుట్లు, అంటే ఒక పూర్తి తిప్పుకి 0.45 మి.మీ., పావు తిప్పుకి 0.11. పావు తిప్పు తక్కువేం కాదు.

రిమ్ము ఎడమకి పోయిన చోట కుడి స్పోకులు పావు బిగించి, ఎడమవి పావు వదిలాం. రెండు గంటల్లో 4 మి.మీ. కాస్తా 1కి వచ్చింది. వారానికి మళ్ళీ 3, అదీ అదే చోట.

అప్పుడు తెలిసిన రెండు తప్పులు:

ఒకటి, ఇరుసు ఆట చూడకుండా బెండు తీశాం. రిమ్మును పట్టుకుని పక్కకు ఊపితే 1 మి.మీ. ఆడుతోంది. హబ్బు వదులుగా ఉన్న చక్రానికి బెండు తీస్తే వచ్చిన కొలతకు అర్థం లేదు.

రెండోది అసలుది. టైరు, టేపు తీసి రిమ్ము బెజ్జాల చుట్టూ గుడ్డతో తుడిచి దీపం పక్క నుంచి పెట్టి చూస్తే 6, 14, 22వ బెజ్జాల దగ్గర వెంట్రుకంత పగుళ్ళు. పొడుగైనది 7 మి.మీ., 6వ దాని దగ్గర. మూడూ కుడి స్పోకులవే. అల్యూమినియం అలిసి పగులుతోంది, నిపుల్ దాన్ని చీల్చుకుంటూ హబ్బు వైపు దిగుతోంది, స్పోకు వదులవుతోంది, చక్రం ఊగుతోంది, ఎవరో మళ్ళీ బిగిస్తున్నారు. 6వ స్పోకు మొన తల దాటి పొడుచుకురావడానికీ, ట్యూబుకి చిల్లు పడటానికీ, బ్రేకు టైరు గోడను కోయడానికీ మూలం ఈ పగులే. దశ 3లో ఆకురాయి పట్టుకున్నప్పుడు దీపం కూడా పట్టుకుని ఉంటే పది రోజులు కలిసొచ్చేవి.

పైగా బ్రేకు పట్టే పక్క మీద స్కేలు నిలబెడితే నడుమ నుంచి వెలుతురు వస్తోంది, గోడ లోతుగా అరిగింది. అలా అరిగిన గోడ గాలి ఒత్తిడికి బయటికి విచ్చుకోవచ్చు. రిమ్ము మార్చడమే.

ఇప్పటివరకు: 8 గంటల 15 నిమిషాలు. వీటిలో 3 గంటలు పారేయాల్సిన రిమ్ము మీద.

దశ 6: ఫ్రీవీలు, హబ్బు

పాత స్పోకులు హబ్బులోనే ఉంచి రిమ్ము మాత్రం మార్చితే ఫ్రీవీలు తీయక్కర్లేదు. కానీ అరగదీసిన 6వ స్పోకు కుడి వైపుది, దాన్ని మార్చాలంటే ఫ్రీవీలు రావాలి. హబ్బూ ఎలాగూ విప్పాలి.

రిమ్ము ఉండగానే ఫ్రీవీలు తీయాలి, పట్టు దొరికేది దాని వల్లే. టూలును గాడిలో పెట్టి ఇరుసు నట్టుతో అదిమి, వైసులో టూలును పట్టి, రిమ్మును స్టీరింగులా అపసవ్యంగా తిప్పాలి. నట్టు లేకుండా చేసిన తొలి ప్రయత్నంలో టూలు జారి గాడి అంచు చితికింది. ఊడినట్టు తెలియగానే నట్టు వదులు చేయాలి, లేకపోతే ఫ్రీవీలు నట్టుకి ఎదురొచ్చి బిగుస్తుంది. తిరిగి ఎక్కించేటప్పుడు మరకి గ్రీజు పూసి చేత్తో బిగిస్తే చాలు, తొక్కుతుంటే అదే బిగుసుకుంటుంది.

హబ్బులో ఒక్కో పక్క పావు అంగుళం బాల్సు 9. ఎడమ పక్క 8 మాత్రమే దొరికాయి, తొమ్మిదోది ఎప్పుడు పోయిందో. కుడి కోను (బాల్సు దొర్లే శంకువు ఆకారపు నట్టు) మీద గోరు గీస్తే తగిలేంత గుంటలు, ఎడమది నున్నగా ఉంది. కప్పులు బాగానే ఉన్నాయి. కొత్త బాల్సు 18, కోను 1, గ్రీజు. పాత బాల్సు కొన్నీ కొత్తవి కొన్నీ కలపకూడదు, సైజులో వెంట్రుకవాసి తేడా ఉన్నా బరువంతా పెద్దవాటి మీదే పడుతుంది.

కోను సర్దడానికి నాలుగుసార్లు పట్టింది. లాకు నట్టు బిగిస్తుంటే కోను కూడా కొంచెం బిగుస్తుంది, అందుకే కాస్త వదులుగా ఉన్నప్పుడే నట్టు బిగించాలి. ఇరుసును వేళ్ళతో తిప్పితే గరగర లేకుండా తిరగాలి, ఆట ఉండకూడదు.

ఇప్పటివరకు: 10 గంటల 10 నిమిషాలు.

దశ 7: రిమ్ము మార్పిడి

కొత్త రిమ్ము 622 అయితే చాలదు, స్పోకు పొడుగును తేల్చే వ్యాసం కలవాలి. కొలిచిన పద్ధతి: రెండు పాత స్పోకులను మర కొస నుంచి సరిగ్గా 250 మి.మీ.కి కత్తిరించి, ఎదురెదురు బెజ్జాల్లో నిపుళ్ళతో, మర కొస నిపుల్ తల గాడికి సమంగా వచ్చేలా బిగించి, లాగి పట్టి నడుమ ఖాళీ కొలవాలి. పాత రిమ్ములో ఖాళీ 102, అంటే 602. కొత్తదాంట్లో 101, అంటే 601. రెండు మి.మీ. లోపు తేడా ఉంటే పాత స్పోకులే సరిపోతాయి.

లెక్కతో సరిచూశాం. 36 స్పోకులు, మూడు దాటుళ్ళ అల్లిక (ఒక్కో స్పోకు అదే పక్కవి మూడింటిని దాటుతుంది) అయితే కోణం 60 డిగ్రీలు. పాత రిమ్ము అర్ధవ్యాసం 301, హబ్బు బెజ్జాల వలయం అర్ధవ్యాసం 22.5, నడిమి నుంచి ఎడమ అంచు 36, కుడి అంచు 20. 301 వర్గం, 22.5 వర్గం, 36 వర్గం కూడి, అందులోంచి 301×22.5 తీసేసి వర్గమూలం కట్టి, హబ్బు బెజ్జంలో సగం (1.2) తగ్గిస్తే ఎడమకి 291.4. అదే కుడికి 289.9. ఉన్న స్పోకులు 292, 290. సరిపోయింది.

1. పాత చక్రం స్పోకులన్నీ వరసగా ఒక్కో తిప్పు వదులుతూ మూడు నాలుగు చుట్లలో మెత్తబరచాలి. ఒకే చోట ఒకేసారి వదిలితే రిమ్ము మెలిపడుతుంది.
2. కొత్త రిమ్మును పాతదాని పక్కన పెట్టి వాల్వు బెజ్జాలు కలిపి నాలుగు చోట్ల టేపుతో కట్టాలి.
3. వాల్వు పక్క స్పోకుతో మొదలుపెట్టి ఒక్కొక్కటిగా పాత రిమ్ము నుంచి కొత్తదాంట్లోకి మార్చాలి. మరకి నూనె చుక్క, కొత్త ఇత్తడి నిపుల్.
4. ప్రతి నిపుల్‌నూ మర కనిపించకుండా పోయేంత వరకే తిప్పాలి, అన్నీ ఒకే లోతు.

రెండో మెట్టులో పొరపాటు జరిగింది. రిమ్ము బెజ్జాలు ఒకటి కాస్త ఎడమకి, తర్వాతది కాస్త కుడికి ఉంటాయి. కట్టేముందు అది చూడలేదు. తొమ్మిది స్పోకులు మార్చాక నిపుళ్ళు వంకరగా కూర్చోవడం గమనించి అన్నీ విప్పి, కొత్త రిమ్మును బోర్లించి మళ్ళీ కట్టాం. నలభై నిమిషాలు పోయాయి.

బిగింపు వరసలు (పక్క ఊపు / ఎత్తుపల్లం, మి.మీ.):

1వ వరస, అర తిప్పు: 5 / 3
2వ వరస, అర తిప్పు: 4 / 2.5
3వ వరస, పావు తిప్పు, ఎత్తుపల్లం మాత్రమే: 3 / 1.2
4వ వరస, పక్క ఊపు: 1.5 / 1

ఇక్కడ ఆగి చక్రాన్ని ఫ్రేములో తిరగేసి పెట్టి (చైను పక్కకు తప్పించి) చూశాం. రిమ్ము 3 మి.మీ. జరిగింది. తిరగేస్తే తప్పు రెట్టింపు కనిపిస్తుంది కాబట్టి అసలు తప్పు 1.5, ఎడమకి. కుడి స్పోకులన్నీ పావు తిప్పు చొప్పున రెండు చుట్లు బిగించాం.

కుడి స్పోకులు ఎప్పుడూ ఎడమవాటి కన్నా గట్టిగానే ఉంటాయి. ఈ హబ్బులో దూరాలు 20, 36 కాబట్టి ఎడమ బిగువు కుడి దానిలో సగం పైచిలుకు. మీటి చూస్తే ఎడమవి బరువైన గొంతుతో పలకడం తప్పు కాదు. ఒకే పక్క స్పోకులు ఒకదానితో ఒకటి శ్రుతి కలవాలి, అంతే. ఫోనులో తంబురా శ్రుతి చూసే యాప్ ఉంటే ఇదే పనికి వాడొచ్చు. కుడి వైపు రెండు బాగా తక్కువ పలికాయి, వాటిని బిగించి పక్క వాటిని సర్దాం.

బిగువు పెరిగాక నిపుల్‌తో పాటు స్పోకు కూడా మెలి తిరుగుతుంది. స్పోకు మీద టేపు ముక్కను జెండాలా అతికిస్తే ఎంత తిరిగిందో కనిపిస్తుంది. అంత ఎక్కువ తిప్పి, అంతే వెనక్కి తీయాలి. లేకపోతే తొక్కిన మొదటి కిలోమీటరులో టింగు టింగుమని మెలి విప్పుకుని బెండు తిరిగొస్తుంది.

చివర్లో సమాంతరంగా ఉన్న స్పోకు జతలను తోలు తొడుగు వేసుకుని పిడికిట్లో గట్టిగా పిండాం, చక్రం మొత్తం. 0.4 ఉన్న ఊపు 0.9 అయింది. అయిందంటే పని చేసిందన్నమాట. మళ్ళీ సరిచేస్తే 0.4 / 0.5.

ఇప్పటివరకు: 14 గంటల 30 నిమిషాలు. నిపుళ్ళు 36, కొత్త స్పోకు 1, రిమ్ము 1, గుడ్డ టేపు ఇంకొకటి.

దశ 8: తొక్కిన తర్వాత

50 కి.మీ. తర్వాత: 0.6 / 0.5. మూడు నిపుళ్ళకు పావు కన్నా తక్కువ. గాలి 60 నుంచి 57.

200 కి.మీ. తర్వాత: 0.5 / 0.5, ముట్టుకోలేదు. బెజ్జాల చుట్టూ దీపం పెట్టి చూశాం, శుభ్రం. ఇరుసు ఆట లేదు. బ్రేకు రబ్బరు టైరు గోడకు 2 మి.మీ. కిందే ఉంది. పంచర్లు 0.

రిమ్ము అతుకు దగ్గర ఎత్తుపల్లం 0.5 అలాగే ఉంది, బ్రేకు పట్టినప్పుడు అక్కడ చిన్న టక్కు వినిపిస్తుంది. స్పోకులతో దాన్ని సరిచేయబోతే బిగువు చెడుతుంది, వదిలేశాం.

మొత్తం: 15 గంటల 15 నిమిషాలు. అందులో తప్పుల్ని దిద్దుకోవడానికి పట్టినవి దాదాపు ఏడు గంటలు.

ముందు చక్రం టైరు కూడా విప్పాం. అదే 12 మి.మీ. రబ్బరు పట్టీ, 9వ నిపుల్ దగ్గర పక్కకు జరిగి ఉంది. ఈసారి ముందు దీపం.